‘అయ్యో పాపం’ అన్నాక చేయాల్సిన పనులు

రోడ్డు ప్రమాదంలో ఒక కుర్రాడు పోయాడన్న వార్త ఫోన్లోకి వస్తుంది. పది నిమిషాల్లో దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, ‘ఓం శాంతి’లు, ‘కన్నీళ్లు ఆగడం లేదు’లు బారులు తీరతాయి. అరగంట గడిచేసరికి హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా అన్న వాదన మొదలవుతుంది. ఆ వెనకే ఏ ఊరు, ఏ కులం, ఏ పార్టీ అన్న ఆరా. అదే సమయంలో ఆ కుర్రాడి అన్న మార్చురీ బయట నిలబడి ఉంటాడు. పోస్టుమార్టం ఎప్పుడవుతుందో, ఎవరిని అడగాలో, ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టమంటున్నారో అతనికి తెలియదు. అన్ని వందల మాటల్లో ఒక్కటి కూడా అతని దాకా పోదు.

ఆ మాటలు రాసినవాళ్లందరూ నటిస్తున్నారని అనలేం. చాలామందికి ఆ క్షణాన మనసు కలుక్కుమంటుంది. అయితే ఆ బాధను పదిమంది కళ్ల ముందు పెట్టగానే ఏదో చేసేశామన్న తృప్తి వచ్చేస్తుంది. చేయాల్సిన పని అక్కడే ఆగిపోతుంది. జాలి నటనగా మారేది ఇక్కడే, మనకే తెలియకుండా. దీన్ని పట్టుకోవడానికి ఏదైనా రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు: దీన్ని చదివేది ఎవరు? చదివాక బాధలో ఉన్నవాళ్ల మీద ఏ బరువు తగ్గుతుంది? చదివేది మన స్నేహితులే, తగ్గే బరువేమీ లేదు అని తేలితే ఆ రాతను ఆపి, అంతే సమయాన్ని కింద చెప్పిన పనుల్లో ఏదో ఒకదానికి పెట్టండి.

మాట ఎలా పంపాలి

నలుగురూ చూసేచోట రాయకండి. ఆ మనిషికే నేరుగా పంపండి. మూడు నాలుగు వాక్యాలు చాలు. ఒకటి, విషయం తెలిసిందని. రెండోది, పోయినవారి గురించి మీకు స్వయంగా తెలిసిన ఒక నిర్దిష్టమైన సంగతి. మూడోది, జవాబు ఇవ్వక్కర్లేదని. నాలుగోది, మీరు చేయబోయే పని. ఉదాహరణకు: “బాబాయి పోయారని ఇప్పుడే తెలిసింది. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టడానికి చివరి రోజున మా నాన్నతో బ్యాంకుకి వచ్చింది ఆయనే. నువ్వు జవాబివ్వక్కర్లేదు. రేపు పొద్దున ఏడింటికి మీ అందరికీ టిఫిన్ తెస్తాను.” పోయినవారితో మీకు పరిచయం లేకపోతే రెండో వాక్యాన్ని వదిలేయండి, లేని అనుబంధాన్ని కల్పించకండి. ఇంటివాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది.

‘ఏదైనా అవసరమైతే చెప్పండి’ అన్న వాక్యం మర్యాదగానే వినిపిస్తుంది, కాని అది ఎవరికీ ఉపయోగపడదు. ఏం అవసరమో ఆలోచించడం, ఎవరిని అడగాలో తేల్చుకోవడం, మొహమాటం చంపుకుని అడగడం, ఈ మూడు పనులూ మళ్లీ దుఃఖంలో ఉన్నవాళ్ల మీదే పడతాయి. అందుకే వాళ్లు అడగరు. పనినీ సమయాన్నీ మీరే చెప్పండి: ‘సాయంత్రం ఆరింటికి మీ పిల్లల్ని మా ఇంటికి తీసుకెళ్తాను, పడుకునే వేళకు దింపుతాను’, ‘ఊళ్లోంచి వచ్చేవాళ్లని స్టేషన్ నుంచి నేను తీసుకొస్తాను, రైలు వివరాలు మీ తమ్ముణ్ణి అడిగి తెలుసుకుంటాను’. వద్దంటే ఒప్పుకోండి. ఒప్పుకుంటే మటుకు సమయం తప్పకండి.

నోటి దాకా వచ్చినా ఆపుకోవాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘దేవుడికి మంచివాళ్లే కావాలి.’ ‘నయం, పెద్దగా అవస్థ పడకుండా పోయారు.’ బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ‘ఇంకొకడున్నాడు కదమ్మా’. తండ్రి పోయిన ఇరవయ్యేళ్ల కుర్రాడితో ‘ఇక అమ్మా చెల్లీ నీదే బాధ్యత, నువ్వు ఏడవకూడదు’. ఈ చివరిది చాలా ఇళ్లలో ధైర్యం చెప్పడం పేరుతోనే జరుగుతుంది. ఏడవాల్సిన పిల్లాడి దగ్గర ఏడ్చే హక్కు లాక్కోవడమే అది. ‘అసలెలా జరిగింది?’ అని కూడా అడగకండి. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంఘటనను మొదటినుంచి చెప్పడమంటే, ప్రతిసారీ దాన్ని మళ్లీ చూడటమే. తెలుసుకోక తప్పదనుకుంటే దూరపు బంధువును పక్కకు పిలిచి అడగండి.

వెళ్లినప్పుడు పావుగంట చాలు. వాళ్లు ఉండమంటే ఉండండి. శవం దగ్గర ఫొటోలు, అంత్యక్రియల లైవ్‌లు ఇంటివాళ్లు అడిగితే తప్ప వద్దు. దూరదేశంలో ఉన్న కొడుకు కోసం వీడియో పెట్టాల్సివస్తే ఆ ఒక్కరికే కాల్ చేసి చూపించండి.

చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్లు, వియ్యాలవారు వండి తెస్తారు. ఈ ఆచారం ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. పెద్దకర్మ అయిన మర్నాడు బంధువులంతా బస్సెక్కేస్తారు, ఫోన్లు ఆగిపోతాయి, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. మీరు కనిపించాల్సింది అప్పుడే. ఫోన్ క్యాలెండర్‌లో మూడు తేదీలు పెట్టుకోండి: పెద్దకర్మ అయ్యాక వారం రోజులకి ఒకటి, పోయినవారి పుట్టినరోజు లేదా పెళ్లిరోజు, మొదటి సంవత్సరీకం. ఆ రోజుల్లో ఒక ఫోను, కుదిరితే ఒక రాక. మొదటిరోజు ఫేస్‌బుక్ గోడ నిండా రాసినవాళ్లలో ఆరో నెలలో ఫోన్ చేసేవాళ్లు అరుదు.

పోలికలు పెట్టే జాలి

‘ఫలానావాళ్లు పోయినప్పుడు ఏడ్చారు, వీళ్లు పోతే నోరు మెదపరేం?’ న్యాయం అడుగుతున్నట్టుండే ఈ మాటలో పోయినవాళ్ల మీద జాలి ఉండదు. ఎదుటివాణ్ణి కొట్టడానికి శవాన్ని కర్రలా వాడుకోవడం ఇది. ఇక్కడ పాటించాల్సిన నియమం ఒకటే: ఒక చావు దగ్గర ఇంకో చావు ఊసెత్తకండి. రెండోదాని గురించి నిజంగా బాధ ఉంటే దానికోసం విడిగా ఒక పని చేయండి. అమెరికాలో చదువుకుంటూ చనిపోయిన విద్యార్థి గురించి ‘అప్పులు చేసి ఎవరు వెళ్లమన్నారు’ అనడం, గల్ఫ్‌లో పోయిన కూలీ గురించి ‘ఇక్కడ పనుల్లేవా’ అనడం ఇలాంటివే. ఆ మాట చదివేది తల్లిదండ్రులు. పిల్లవాడి పేరుతో వెతుక్కుంటూ రాత్రంతా అవే చదువుతుంటారు.

ఆత్మహత్య వార్తల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎలా చేసుకున్నారో రాయకండి, చోటు చెప్పకండి, చివరి ఉత్తరం ఫొటో పంచకండి, ‘ఈ ఒక్క కారణం వల్లే’ అని తీర్పు ఇవ్వకండి. అదే అవస్థలో ఉన్న మరొకరికి ఆ వివరాలు దారి చూపిస్తాయి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున సానుభూతి కవితల కన్నా, మీ వీధిలో తప్పిన పిల్లవాడి ఇంటికి వెళ్లి సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో, రీవెరిఫికేషన్ ఎలా పెట్టాలో చెప్పడం మేలు. పిల్లవాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. మానసికంగా కుంగిపోయినవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బులక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఇచ్చి ఊరుకోకుండా పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.

కాగితాల పని: ఎవరూ చేయని సాయం

దుఃఖంలో ఉన్న ఇంటికి డబ్బు తర్వాత అంత విలువైన సాయం ఇదే. చదువుకున్నవాళ్లు, ఆఫీసుల చుట్టూ తిరగగలిగినవాళ్లు దీన్ని చేతిలోకి తీసుకోవాలి. గడువులు దాటితే రావాల్సిన లక్షలు కూడా రాకుండా పోతాయి.

మొదటి పని మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పోతే నమోదుకు సమాచారం ఆసుపత్రే పంపుతుంది, ఇంట్లో పోతే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మనమే చెప్పాలి. చాలామంది దెబ్బతినేది పేరు దగ్గర. ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉంటే బీమా కంపెనీ వెనక్కి పంపుతుంది. నమోదు చేసేముందే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత దిద్దించాలంటే నెలలు పడుతుంది. కాపీలు ఎనిమిదో పదో తీసిపెట్టండి. దీనితోపాటు మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలో, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టించండి. దాని అవసరం చాలాచోట్ల పడుతుంది.

రెండో పని పాస్‌బుక్ చదవడం. పోయినవారి ప్రతి బ్యాంకు ఖాతాకీ గత రెండేళ్ల స్టేట్‌మెంట్ తీయించి, మే నెల చివర, జూన్ మొదట్లో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. 436 కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తుంది (కొత్తగా చేరినవాళ్లకి మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే). 20 కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. ఖాతా తెరిచేటప్పుడు ఏవో సంతకాలు పెట్టి ఉంటారు, ఇంట్లోవాళ్లకి ఈ సంగతే తెలియదు. క్లెయిమ్ ఫారం ఆ బ్యాంకు బ్రాంచీలోనే ఇస్తారు. 30 రోజుల్లోపు పెడితే పేచీ ఉండదు. సురక్షా బీమాకి రోడ్డు ప్రమాదం లాంటివాటిలో ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక కావాలి, పాముకాటు లాంటివాటికి వెంటనే రాయించిన ఆసుపత్రి రికార్డు కావాలి. పల్లెల్లో పాముకాటుకి పోయినప్పుడు ఏ కాగితమూ లేకుండా దహనం చేసేస్తారు, అక్కడే క్లెయిమ్ పోతుంది. ఏ ప్రమాదమైనా దహనానికి ముందే పోలీసులకు చెప్పించడం పక్కనున్నవాళ్ల బాధ్యత.

ఉద్యోగికి పీఎఫ్ ఉంటే మూడు హక్కులుంటాయి: ఖాతాలో సొమ్ము (ఫారం 20), కుటుంబ పింఛను (ఫారం 10-డి), పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే జీవిత బీమా (ఫారం 5-ఐఎఫ్). ఈ బీమా గరిష్ఠంగా 7 లక్షలు. చాలా కుటుంబాలు మొదటిది తీసుకుని మిగతా రెండూ వదిలేస్తాయి. కంపెనీ హెచ్ఆర్‌తో మీరే మాట్లాడండి. తెలంగాణలో పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు పోతే రైతు బీమా కింద నామినీకి 5 లక్షలు వస్తుంది. అందుకు మండలంలోని వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దావా ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది, అది 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. గుద్దిన బండి ఎవరిదో తెలియకపోతే అంతా అయిపోయిందనుకుంటారు. అలాంటి కేసుల్లో ప్రభుత్వమే చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 50 వేలు ఇస్తుంది. దరఖాస్తు తహసీల్దార్ లేదా ఆర్డీవో ఆఫీసులో.

మూడో సంగతి, సిమ్ కార్డు. సంస్కారాల హడావిడిలో ఫోన్ ఎవరికో ఇచ్చేస్తారు, రీచార్జి చేయక నంబరు పోతుంది. బ్యాంకు, పీఎఫ్, బీమా, అన్ని ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి. కనీసం ఏడాది దాన్ని బతికించి ఉంచమనండి, రీచార్జి మీరే చేయించండి. ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దని కూడా చెప్పండి. ఖాతాదారు పోయాక అలా తీయడం చెల్లదు, తర్వాత వారసుల మధ్య అదే గొడవవుతుంది. నామినీ ఉంటే మరణ పత్రం, గుర్తింపు కార్డు ఇస్తే చాలు, కాగితాలు అందిన 15 రోజుల్లో బ్యాంకు సొమ్ము ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

విదేశంలో పోయినప్పుడు దేహాన్ని తేవడానికి అక్కడి మరణ పత్రం, ఎంబామింగ్ పత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, భారత రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం కావాలి. డబ్బు లేని కుటుంబాలకు 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. చందాల లింకు పంచేముందు ఈ దారి అడిగి చూడండి.

రక్తం కావాలన్న సందేశం

సానుభూతితో ఆలోచించకుండా ముందుకు పంపడం ఎంత హాని చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది. మూడేళ్ల కిందటి రక్తం సందేశాలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. ఆ బిడ్డ ఎప్పుడో కోలుకుని ఉంటుంది, లేదా ఎప్పుడో పోయి ఉంటుంది. తండ్రి ఫోన్ మాత్రం రోజూ మోగుతూనే ఉంటుంది. పంపేముందు ఆ నంబరుకి ఒక్క ఫోన్ చేయండి. ఎత్తకపోతే పంపకండి.

అడిగేవాళ్లు మీ ఇంటివాళ్లే అయితే సందేశంలో ఇవన్నీ ఉండాలి: ఏ గ్రూపు, ఏది కావాలి (రక్తకణాలా, ప్లేట్‌లెట్లా, ప్లాస్మానా), ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఏ బ్లడ్ బ్యాంకు, ఏ తేదీ ఎన్ని గంటల్లోపు, పక్కనున్నవాళ్ల నంబరు. రోగి ఫొటో, జబ్బు కథ అక్కర్లేదు. అవసరం తీరగానే అదే చోట ‘దొరికింది, ఇక పంపకండి’ అని పెట్టండి.

ఇంకో సంగతి అడిగి తెలుసుకోండి: రోగికి ఎక్కించడానికే ఆ గ్రూపు కావాలా, బ్లడ్ బ్యాంకు తన నిల్వలోంచి ఇచ్చి బదులు అడుగుతోందా? బదులైతే ఏ గ్రూపువాళ్లయినా ఇవ్వొచ్చు. ‘నాది ఓ పాజిటివ్, సారీ’ అని ఊరుకున్నవాళ్లు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వెళ్లి ఇచ్చి ఉండేవారు. ఈ-రక్త్‌కోశ్ వెబ్‌సైటులో ఏ బ్యాంకులో ఏ గ్రూపు ఎంత ఉందో చూడొచ్చు. అది చూశాక కూడా ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

ఇవ్వాలంటే వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు ఎడం కావాలి. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కాకపోతే తీసుకోరు. తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటితే 450. కడుపు ఖాళీగా వెళ్తేనే కళ్లు తిరుగుతాయి. ముందు తేలిగ్గా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లండి. లేచాక పావుగంట అక్కడే కూర్చోండి.

డెంగీ రోజుల్లో అడిగే ఎస్‌డీపీ వేరు. అది యంత్రం మీద ఒక్కరినుంచి ప్లేట్‌లెట్లను మాత్రమే తీయడం. గంటో గంటన్నరో పడుతుంది. మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, చేతి నరాలు బాగా కనిపించాలి. మామూలు యూనిట్ ఒకటి ఎక్కిస్తే 5 నుంచి 10 వేలు పెరిగే ప్లేట్‌లెట్లు, ఒక్క ఎస్‌డీపీతో 30 నుంచి 50 వేల దాకా పెరుగుతాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలవుంటాయి, అందుకే పండగ సెలవుల్లో కొరత వస్తుంది. పుట్టినరోజుకి కేకు ఫొటో కింద ‘రక్తదానం చేయండి’ అని రాసేవాళ్లు సంక్రాంతి, దసరా వారాల్లో వెళ్లి ఇస్తే ఎక్కువ ఉపయోగం. తలసేమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకి పండగలూ సెలవులూ లేవు. రక్తానికి డబ్బు అడిగే ‘దాత’ తగిలితే వద్దనండి. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషేధం. బ్లడ్ బ్యాంకు తీసుకునేది పరీక్షల రుసుము మాత్రమే.

డబ్బు పంపేటప్పుడు

ఏడుస్తున్న తల్లి ఫొటో, పక్కన క్యూఆర్ కోడ్. ఇలాంటివి నిజమైనవీ ఉంటాయి, దొంగవీ ఉంటాయి, ఫొటో ఒకటే. మోసగాళ్లు అసలు ఫొటో తీసుకుని కోడ్ మాత్రం మారుస్తారు. స్కాన్ చేసి, పిన్ కొట్టేముందు తెర మీద వచ్చే పేరు చూడండి. రోగిదో, తల్లిదండ్రులదో, ఆసుపత్రిదో కాకపోతే ఆపేయండి. ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నంబరు ఆ పోస్టులోంచి కాకుండా ఆసుపత్రి సొంత వెబ్‌సైటులోంచి తీసుకుని, రోగి పేరు, ఐపీ నంబరు (చేర్చుకున్నప్పుడు ఆసుపత్రి రోగికి ఇచ్చే నంబరు) చెప్పి అడగండి. నేరుగా ఆసుపత్రి ఖాతాకి ఐపీ నంబరు రాసి పంపగలిగితే అన్నిటికన్నా మంచిది. మోసపోయారని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చందాకన్నా ముందు అడగాల్సింది, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గరికి వెళ్లారా అని. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయోవందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షలు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అసలు బిల్లులే కావాలి, జిరాక్సులు పనికిరావు. అందుకని బిల్లులన్నీ ఒక ఫైలులో దాచమని మొదటిరోజే చెప్పండి.

సాయం చేసినట్టు లెక్క చూపించాలంటే బిల్లు ఫొటో పెట్టండి: బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎంత, మొత్తం ఎంత. తీసుకున్న మనిషి ముఖం అక్కర్లేదు. సంచి అందుకుంటూ కెమెరావైపు చూడమనడం కన్నా అవమానం లేదు. మర్నాడు ఆ ఇంటి పిల్లవాడు బడిలో ఆ ఫొటోకి జవాబు చెప్పుకోవాలి.

పేరు, ముఖం, వీడియో

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత దేశమంతా న్యాయం అడిగింది, ఆమె అసలు పేరుతో, ఫొటోతో. పోలీసులు ‘దిశ’ అని పిలవమని కోరాల్సివచ్చింది. అత్యాచార బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు అంతకు ముందు ఏడాదే, 2018 డిసెంబరులో, స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కఠినం: బడి పేరు, ఇంటి వీధి, తల్లిదండ్రుల పేరు, ఏదీ చెప్పకూడదు. ‘న్యాయం జరగాలి’ అని రాసే ప్రతిసారీ ముందు ఇది చూసుకోండి. ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయండి, మీ గుంపులో పెట్టినవాళ్లతోనూ తీయించండి.

రోడ్డు మీద పడి ఉన్న మనిషిని వీడియో తీసి ‘మానవత్వం చచ్చిపోయింది’ అని రాసినవాడి చేతిలోనే ఫోన్ ఉంది. ముందు 108కి చేయండి, ఆ తర్వాతే ఏదైనా. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. మెడ కదపకండి, నీళ్లు తాగించకండి. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ సాయం చేసినవారిని కాపాడుతుంది. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రి మిమ్మల్ని డబ్బు అడగకూడదు, ఆపి ఉంచకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర దాకా, ఏడు రోజుల వరకు నగదు లేని వైద్యం పథకం ఉంది. చేర్పించేటప్పుడు ఆ మాట మీరే ఎత్తండి.

వరదలు వచ్చినప్పుడు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, పెద్ద రోడ్ల అంచున పొట్లాలు పోగుపడ్డాయి, లోపలి సందులకు అందలేదు. తీసుకెళ్లేవాళ్లు ముందే లోపలున్న ఒకరితో మాట్లాడి, ఏ వీధికి ఎన్ని, ఏ వేళకి అన్నది తేల్చుకోవాలి. సాంబారు అన్నం వేడిగా కవర్లో కడితే నాలుగైదు గంటల్లో పాచిపోతుంది. పులిహోర చల్లార్చి కడితే నిలుస్తుంది. పాత బట్టలు తీసుకెళ్లకండి. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసి కుళ్లాయి. తాగునీళ్లు, ఓఆర్ఎస్ (పొట్లానికి లీటరు నీళ్లు), శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, దోమల చుట్టలు, టార్చి, బ్లీచింగ్ పౌడర్ పనికొస్తాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మోకాలి లోతు బురద మిగులుతుంది. అప్పటికి కెమెరాలు వెళ్లిపోతాయి. పారలు, చీపుర్లు, రబ్బరు బూట్లతో పదిమంది వెళ్తే ఒక పూటలో నాలుగైదు ఇళ్లు శుభ్రమవుతాయి.

జాలితో పంచిన వార్త అబద్ధమని తర్వాత తేలితే, దాన్ని చప్పుడు చేయకుండా తీసేయడం చాలదు. పంపిన ప్రతి గుంపులోనూ ‘నిన్న పంపింది తప్పు, అసలు సంగతి ఇది’ అని పెట్టి, ఆ తర్వాత తీసేయండి. అందులో ఎవరి ఫోన్ నంబరైనా ఉంటే వాళ్లకి ఫోన్ చేసి, ఇంకా కాల్స్ వస్తున్నాయా అని అడగండి. వస్తుంటే, ఎక్కడినుంచి చూసి చేస్తున్నారో కనుక్కుని అక్కడ కూడా ఆపించండి.